బడికిచ్చిన మాట

మా ఊరి ప్రాథమిక పాఠశాల పేరెంట్స్ కమిటీకి నేను చైర్మన్ అయింది చదువు మీద ప్రేమతో కాదు. ఆ రోజు నాకు కంపెనీ సెలవు, అంతే. మీటింగుకు వచ్చిన తొమ్మిది మంది తల్లుల్లో గబగబా సంతకం పెట్టగలిగింది నేనొక్కదాన్నే. "ఈ పాప ఉండనీలే" అని, నన్ను పాప అనే పిలిచే మా వదిన నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టేశారు. ఎవరి ఇంట్లో వాళ్ళకు సంగటి కెలికే పని ఉంది మరి.

వదిన అంటే మా ఆయన అక్క. మా వీధిలోనే నాలుగిళ్ళ అవతల ఉంటుంది. శ్రీ సిటీలో నేను పనిచేసే ఫ్యాక్టరీలోనే ఆమెకూ పని. కంపెనీ బస్సులో ఆరేళ్ళుగా నా పక్క సీటు ఆమెది. ఆమె కూతురూ నా కూతురూ ఒకే తరగతి. నేను కష్టం చెప్పుకున్నా, కోపం తీర్చుకున్నా ఆమె దగ్గరే.

మా ఊరు ఏర్పేడుకు దగ్గర. బడికి రెండు గదులు, ఒక వరండా, ఇద్దరు టీచర్లు. హెడ్మాస్టరుకు ఫోన్లో ఫోటోలు ఎక్కించడంతోనే పొద్దు గడిచిపోయేది. కోడిగుడ్డు ఫోటో, గుడ్డు తింటున్న పిల్లల ఫోటో, మరుగుదొడ్డి ఫోటో. పాఠం చెప్పేది తిరుపతి నుంచి బస్సులో వచ్చే మేడమ్. ఆమె పిల్లలకు చదవడం నేర్పిన తీరు వేరు. ఇంట్లో ఉన్న విత్తనాల ప్యాకెట్లు, మాత్రల అట్టలు, కరెంటు బిల్లులు తెమ్మని, అవే చదివించేది. మా పాప రెండో తరగతిలో ఉండగానే మా అత్త బీపీ మాత్రల అట్ట తిరగేసి, "అవ్వా, దీని గడువు పోయిన నెలే అయిపోయింది" అని చెప్పింది. మా అత్త ఆ మాత్రలు పారేసి, ఆ రోజంతా వీధిలో ఈ కథ చెప్పుకుంటూ తిరిగింది. అప్పుడు పుట్టింది నాకు ఆ బడి మీద ప్రేమ.

ఆ ఏప్రిల్లో మేడమ్ నన్ను వరండాలోకి పిలిచి కుర్చీ వేసింది. మామూలుగా కుర్చీ వేసే మనిషి కాదు, అందుకే నాకు భయమేసింది.

"మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో కలిపి పిల్లలు ఇరవై మంది ఉంటే అవి ఇక్కడే ఉంటాయమ్మా. తగ్గితే వాళ్ళను హైస్కూల్లో కలిపేస్తారు. నన్ను ఇంకో ఊరికి పంపేస్తారు" అంది.

హైస్కూలు మాకు రెండు కిలోమీటర్లు. దూరం పెద్దదేం కాదు. కానీ మధ్యలో నాలుగు లైన్ల రోడ్డుంది. ఇసుక టిప్పర్లు ఆ రోడ్డు మీద మనుషులున్నారన్న సంగతే మరిచిపోయి పోతుంటాయి. మా పాప ఆ జూన్‌కు మూడో తరగతికి రావాలి. ఎనిమిదేళ్ళ పిల్లను ఆ రోడ్డు దాటించడానికి పొద్దున్నే నేనూ ఉండను, మా ఆయనా ఉండడు. ఐదున్నరకే నేను కంపెనీ బస్సెక్కాలి. మా అత్తకు అంత దూరం నడిచే ఓపిక లేదు. కాబట్టి నాకు కావాల్సింది ఒక్కటే, ఇరవై మంది పిల్లలు.

ఆ లెక్కన మా ఊళ్ళో ఇరవై ముగ్గురు ఉన్నారు. కానీ మే నెల వచ్చేసరికి వ్యాను బడి వాళ్ళు దిగారు. ఆ బడికి ఏదో పొడుగాటి ఇంగ్లీషు పేరుంది, మేమంతా వ్యాను బడి అనే అంటాం. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన ఇంటింటికీ తిరిగి రంగుల కాగితాలు పంచాడు. ఏర్పేడు పక్కన దేశంలోని తెలివైన పిల్లలంతా వచ్చి చదివే పెద్ద కాలేజీ కట్టారు కదా, దాని గోడ మా మిద్దెల మీద నుంచి కనిపిస్తుంది. ఆయన ప్రతి ఇంటి ముందూ నిలబడి చెయ్యి ఆ గోడ వైపు చాపేవాడు. "మీ పిల్లలు అక్కడికి పోవాలంటే మూడో తరగతి నుంచే ఫౌండేషన్ వేయాలమ్మా" అనేవాడు. పునాది అన్న మాట ఇళ్ళు కట్టే మా బేల్దార్లకు తెలుసు. ఫౌండేషన్ అంటే మాత్రం అందరూ నోరు తెరిచి విన్నారు.

ఆయన వెనకే మేమూ తిరిగాం. మేడమ్, నేను, వదిన. మండుటెండలో మేడమ్ గొడుగు పట్టుకుని, నేను నోటు పుస్తకం పట్టుకుని, వదిన నోరు పెట్టుకుని. నిజం చెప్పాలంటే మా ముగ్గురిలో గట్టిగా వాదించింది వదినే.

"మేడమ్ మంచామే. కాదనం. కానీ టై కట్టుకోని బూట్లేసుకోని పోతే ఆ కళే వేరు గదమ్మా" అంది ఒక అవ్వ.

"టై సదువు సెప్తాదా అత్తా? మెడకి కట్టేది పలుపు గూడా ఉండాది" అంది వదిన. నవ్వలేక చచ్చాం.

ఇంకొకామె నవ్వలేదు. ఆమె కూడా మా ఫ్యాక్టరీలోనే చేస్తుంది. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి పనిచేస్తాండాం. మా సూపర్వైజరు కుర్చీలో కూసోని ఇంగ్లీషులో అరుస్తాడు. నా బిడ్డ ఆ కుర్చీలో కూసోవాల. మీ బడి కూసోబెడతాదా, సెప్పు" అని అడిగింది. నేను నోటు పుస్తకంలో పేజీలు తిప్పాను. మేడమ్ మాత్రం "మన బడిలోనూ ఇంగ్లీషు మీడియమే కదమ్మా" అంది. ఆమె మేడమ్ ముఖంలోకి చూసి, "మీ పిల్లోళ్ళు యాడ సదవతాండారు మేడమ్?" అంది. మేడమ్ తలొంచుకుంది. ఆమె పిల్లలు తిరుపతిలో ప్రైవేటు బడిలోనే.

ఇట్లా అయితే పిల్లలు జారిపోతారని నాకు అర్థమైంది. అందరూ తలూపుతారు, జూన్‌లో ఎవరి దారి వాళ్ళు చూసుకుంటారు. "మాటలు నమ్మితే పనికాదు, కర్పూరం ఆర్పిద్దాం" అని ఆ సాయంత్రం నేనే అన్నాను.

మా వైపు అది చిన్న విషయం కాదు. గంగమ్మ గుడిలో తమలపాకు మీద కర్పూరం వెలిగించి, ఆ మంట మీద అరచెయ్యి కొట్టి ఆర్పి మాటిస్తే, ఆ మాట తప్పడానికి గుండె కావాలి. పొలం గట్టు తగాదాలూ, దొంగతనం నిందలూ అట్లాగే తేలుతాయి మా ఊళ్ళో. మేడమ్‌కు అది నచ్చలేదు. "బడికి ప్రమాణాలెందుకమ్మా" అంది. నేను వింటేనా? శుక్రవారం సాయంత్రం పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు గుడికొచ్చారు. మొదట నేను ఆర్పాను. చురుక్కుమంది. నా తర్వాత వదిన ఆర్పింది. "మా పాపని ఈ ఊరి బడిలోనే సదివిస్తాం తల్లీ" అని గట్టిగా, ఊరంతా వినేలా చెప్పింది. ఆమెను చూసి మిగతావాళ్ళు.

రానిది ఒక్క ఇల్లు. ఊరి చివర ఉండే బేల్దారి కుటుంబం. వాళ్ళు చర్చికి పోతారు. వాళ్ళ కూతురూ మా పాప తరగతే. మర్నాడు నేనే వాళ్ళింటికి పోయాను.

"మేం ప్రమాణాలు సెయ్యం అక్కా. మా పాస్టరు గారు సెయ్యకూడదంటాడు. పంపిస్తామని సెప్తాండాం గదా, పంపిస్తాం" అన్నాడు ఆయన. ఆయన భార్య కూడా గడపలో నిలబడి తలూపింది.

"అందరూ సేసినారు. మీకొక్కరికే ఏం కష్టమొచ్చింది? గుళ్ళోకి రావద్దులే, బడి ముందర సెయ్యండి" అన్నాను. ఆయన మళ్ళీ అదే మాట. నాకు ఒళ్ళు మండింది. వీళ్ళు జారుకోవడానికి దారి పెట్టుకున్నారనుకున్నాను. నోటు పుస్తకంలో అందరి పేర్ల పక్కనా టిక్కు కొట్టి, ఆ పేరు పక్కన పెద్ద ప్రశ్నార్థకం వేశాను. వేసి ఊరుకున్నానా అంటే అదీ లేదు. బస్సులో నలుగురి ముందూ "వాళ్ళని నమ్మలేం" అని చెప్పాను. వదిన కూడా "నిజమే" అంది.

బడి తెరవడానికి ముందు ఆదివారం. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. పదకొండు గంటలప్పుడు గంగమ్మ గుడి ముందు నుంచి పోతుంటే కొట్టిన టెంకాయ చిప్పలు కుప్పగా కనిపించాయి. జాతర లేదు, పండగ లేదు. గడపకు కొత్తగా పసుపు పూశారు. గుడి పక్కన మూడు రాళ్ళ పొయ్యిలు ఇంకా పొగలు కక్కుతున్నాయి. ఊరివాళ్ళు పొద్దున్నే పొంగలి పెట్టి వెళ్ళారని తెలుస్తోంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రేపు బడి తెరుస్తారని, పిల్లలు బాగా చదవాలని మొక్కుకున్నారనుకున్నాను. చైర్మన్‌ను కదా, నాకు చెప్పకుండా చేశారేమని కాస్త అలిగాను కూడా. వెంటనే ఇంటికి పోయి నేనూ ఒక టెంకాయ తెచ్చి కొట్టాను.

మధ్యాహ్నం వదిన విస్తరాకులో పొంగలి తెచ్చింది. "తిను పాపా, అమ్మవారిది" అంది. బెల్లం ఎక్కువ పడి బాగుంది. "నన్నూ పిలవచ్చు గదా వదినా" అన్నాను. "నువ్వు వారమంతా అలిసిపోయింటావు, నిద్రపోనీలే అనుకున్నాం" అంది. నేను ఆకు నాకి మరీ తిన్నాను. మా ఆయన తినలేదు. కడుపులో బాగలేదన్నాడు.

సోమవారం నేను సెలవు పెట్టాను. పాపకు తల దువ్వుతుంటే వీధి మొదట్లో హారన్ వినిపించింది. పసుపు వ్యాను. సరే, ఎవరో ఒకరిద్దరు జారి ఉంటారనుకుని వాకిట్లోకి వచ్చాను. వ్యాను ప్రతి ఇంటి ముందూ ఆగుతోంది. ఎరుపు టైలు, నల్ల బూట్లు, వీపు మీద బ్యాగులు. కర్పూరం ఆర్పిన చేతులే పిల్లల్ని ఎత్తి వ్యాన్లో పెడుతున్నాయి. నన్ను చూసి ఒకామె లోపలికి పోయింది. ఇంకొకామె ఉన్నట్టుండి వంగి చెప్పు సరిచేసుకుంది. వదిన ఇంటి ముందు ఆగింది. వదిన కూతురు టై కట్టుకుని, మా పాపను చూసి చెయ్యి ఊపి, కిటికీ పక్కన కూర్చుంది.

ఆ తర్వాత వ్యాను మా ఇంటి ముందు ఆగింది.

డ్రైవరు దిగి జేబులోంచి కాగితం తీశాడు. దాంట్లో వేలు పెట్టి చదివి, మా పాప పేరు పిలిచాడు. ఇంటిపేరుతో సహా.

"మేం రాయించలే" అన్నాను.

"రాయించినారమ్మా. పాప వాళ్ళ నాయనే వచ్చి రాయించినాడు" అన్నాడు.

వెనక్కి తిరిగి చూశాను. మా ఆయన పనికి పోకుండా గడపలో నిలబడ్డాడు, ఒక చేతిలో కొత్త బ్యాగు. ఆ బ్యాగు ఎప్పుడు కొన్నాడో, ఇంట్లో ఎక్కడ దాచాడో, ఆ చిన్న ఇంట్లో నాకు కనపడకుండా ఎట్లా దాచగలిగాడో ఇప్పటికీ తెలియదు. ఆయన ఆ పెద్ద కాలేజీలోనే కరెంటు పని చేస్తాడు. "రోజూ ఆ పిల్లోళ్ళని సూస్తాండా. వాళ్ళల్లో మన ఊరి బడి నుంచి వచ్చినోడు ఒక్కడుంటే సూపించు. నీ మొగం సూసి సెప్పలేకపోయినా" అన్నాడు.

పాప చెయ్యి పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా బడికి నడిచాను. వెనక వ్యాను కాసేపు హారన్ కొట్టి వెళ్ళిపోయింది.

బడిలో మేడమ్ గుమ్మానికి మామిడాకులు కడుతోంది. ఆ రోజు వచ్చింది ఏడుగురు. నలుగురు ఒకటో తరగతి, ఒకరు రెండు. మూడో తరగతిలో మా పాప. ఆమె పక్కన తలకు నూనె రాసుకుని, కొత్త పలక పట్టుకుని కూర్చున్నది ఆ బేల్దారి కూతురు. వాళ్ళ నాయన బయట సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. "పంపించినామక్కా" అన్నాడు. పనికి పోతున్నానని చెప్పినంత మామూలుగా అన్నాడు. నేను ఆయన కళ్ళలోకి చూడలేకపోయాను. సారీ చెప్పాల్సింది. చెప్పలేదు.

సాయంత్రం వదిన ఇంటికి పోయాను. నేను వస్తానని తెలిసినట్టే ఉంది, మంచం మీద దుప్పటి సర్ది పెట్టింది.

"కర్పూరం ఆర్పినావే వదినా. గట్టిగా అరిసి మరీ ఆర్పినావే" అన్నాను.

"దానికి తప్పు సెల్లించుకున్నాం పాపా. నిన్న అందరం టెంకాయ కొట్టి, పొంగలి పెట్టి, అమ్మా మాట తప్పుతాండాం, బిడ్డల కోసం, మన్నించు అని సెప్పుకున్నాం. అమ్మవారు కోపం పెట్టుకోదు" అంది.

నేను అలిగింది ఆ టెంకాయలకు. పైగా వాటి పక్కన నాదొకటి కొట్టింది. ఆకు నాకి తిన్నది ఆ పొంగలి.

"నాకెందుకు తెచ్చి పెట్టినావు?"

"అందరూ తిన్నాక నువ్వొక్కదానివి తినకపోతే దోషమని" అంది. ఆమె ఏడుస్తోంది. "సెప్తే నువ్వు ఆపేస్తావు. నీ మాట ముందర మేం నిలబడలేం. నా కూతురు నా మాదిరి కాకూడదు పాపా, అదొక్కటే."

"అమ్మవారికి సెల్లించినారు సరే. మా పాప ఆడ ఒక్కతే కూసోనుండాది. దానికేం సెల్లించినారు?" అన్నాను. ఆ తర్వాత కంపెనీ బస్సులో నేను వెనక సీటుకు మారిపోయాను. మా ఆయనతో చాలా రోజులు అవసరమైన మాటలే. అన్నం, బట్టలు, గ్యాసు.

బడి ఏడుగురితో అక్టోబరు వర్షాలు పడేదాకా నడిచింది. మూడో తరగతి ఆ ఇద్దరు పిల్లలదే. ఇద్దరే కావడంతో మేడమ్ వాళ్ళకు ఐదో తరగతి లెక్కలు కూడా చెప్పేసింది. ఆ బేల్దారి పిల్ల మా ఇంటికి రావడం, మా పాప వాళ్ళింటికి పోవడం మొదలైంది. నేను ఆ గడపలో గొంతు పెంచిన సంగతి వాళ్ళు మరిచిపోయారో, మరిచినట్టు ఉన్నారో. ఒక శుక్రవారం ఆర్డరు వచ్చింది. మేడమ్‌ను పలమనేరు అవతల ఊరికి వేశారు. మూడో తరగతి సోమవారం నుంచి హైస్కూలుకు. మేడమ్ పోతూ నా చెయ్యి పట్టుకుని, "కర్పూరం ఆర్పినవాళ్ళలో మీరొక్కరే నిలబడ్డారమ్మా" అంది.

ఆ మాట నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే ఆ రాత్రే మా ఆయన అన్నాడు, "ఇంకెవరి కోసమే? మేడమ్ లే, బడి లే. ఆ టిప్పర్ల కిందికి బిడ్డని పంపుతావా?" అని. పాప కూడా వ్యాన్లో వదిన కూతురి పక్కన సీటు ఖాళీగా ఉందని చెప్పింది, రోజూ చూస్తోందట. నేను మండిపడాలి. మండిపడలేదు. నేను అలిసిపోయాను. అందరూ మోసం చేశాక నేనొక్కదాన్ని నిజాయితీగా ఉండి ఎవరికి చూపించుకోవాలి అనుకున్నాను. శనివారం మా ఆయన వెంట నేనే పోయి, వ్యాను బడిలో కాగితం మీద సంతకం పెట్టాను. గబగబానే పెట్టాను.

ఆదివారం సాయంత్రం నీళ్ళ ప్లాంటు దగ్గర క్యాను నిండుతుంటే ఆ బేల్దారి భార్య వచ్చి నా పక్కన నిలబడింది. చర్చికి పోయి వచ్చినట్టుంది, మంచి చీర కట్టుకుంది.

"అక్కా, రేపటి నుంచి మన పిల్లోళ్ళు హైస్కూలుకి గదా" అంది. "ఇద్దరూ సెయ్యి పట్టుకోని రోడ్డు దాటండి అని మా దానికి సెప్పినా. ఒక్కతే అయితే భయపడేదాన్ని, మీ పాప ఉండాదని ధైర్యం. ఎన్ని గంటలకి పంపిస్తావు? మేం వచ్చి మీ వాకిట్లో నిలబడతాం."

నోరు తెరిచాను. చుట్టూ ఎవరూ లేరు. చెప్పడానికి కావాల్సినంత సమయం ఉంది. క్యాను నిండి పొర్లుతోంది కూడా.

"ఎనిమిదిన్నరకి" అన్నాను.

"సరే అక్కా" అని తన క్యాను నడుముకెత్తుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పని నుంచి వచ్చేసరికి మా అత్త వాకిట్లో కూర్చుని ఉంది. తల్లీకూతుళ్ళిద్దరూ ఎనిమిదిన్నరకే వచ్చారని, తొమ్మిది దాకా నిలబడ్డారని, లోపలికి రమ్మంటే రాలేదని చెప్పింది. "కడాకు మన పాప ఏదని అడిగితే, వ్యాన్లో పోయి గంట అయిందమ్మా అని నేనే సెప్పినా. ఆ పిల్ల సెయ్యి పట్టుకోని రోడ్డు దిక్కుకి పోయినారు" అంది.